అర్జీలో తప్పు పడిందా? మళ్ళీ వేయకండి, దిద్దించుకోండి

పక్కింటికి గృహలక్ష్మి రెండు వేలు పడి మనింటికి పడకపోతే, అవ్వకు వచ్చే పింఛను ఉన్నట్టుండి ఆగిపోతే, పంట పరిహారం లిస్టులో పేరు కనబడకపోతే మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు జనం నేరుగా గ్రామ ఒన్‌కు పోయి ఇంకో అర్జీ వేసి వస్తారు. చిక్కు ముదిరేది చాలాసార్లు అక్కడే. డబ్బు ఆగిందంటే ఎప్పుడూ అర్హత లేకనే అనుకోకండి. పేరులో ఒక అక్షరం, పుట్టిన తేదీలో ఒక అంకె, మూతపడిన పాత బ్యాంకు ఖాతా, ఇంత చిన్నవి చాలు నెలల తరబడి డబ్బు నిలిచిపోవడానికి. న్యాయంగా రావలసిన డబ్బును అక్షరం తేడాకు వదులుకోకూడదు. దిద్దించుకునే దారులున్నాయి.

1. రెండో అర్జీ వేయకండి. గృహలక్ష్మి రేషన్ కార్డుతో, ఆధార్‌తో ముడిపడిన పథకం. ఒక కార్డు మీద ఒక్క మహిళకే వస్తుంది. ఒకే ఆధార్ మీద రెండు అర్జీలు కనబడితే పరిశీలన పేరుతో మొదటిది కూడా పక్కకు పోయే ప్రమాదం ఉంది. వేసిన అర్జీ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ముందు కనుక్కోండి. అందింది, పరిశీలనలో ఉంది, మంజూరైంది, తిరస్కరించారు, మంజూరైనా డబ్బు వెనక్కి పోయింది: ఈ ఐదింట్లో మీది ఏదో తెలిస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది. ఫోన్లో ‘డీబీటీ కర్ణాటక’ యాప్ ఉంటే ఆధార్ నంబరు, ఓటీపీ కొట్టి ఏ పథకం డబ్బు ఏ తేదీన ఏ బ్యాంకుకు పోయిందో చూడవచ్చు. ఫోను వాడడం రానివాళ్ళకు ఇంట్లో పిల్లలు చూపించాలి.

2. రసీదు పారేయకండి. నాడకచేరిలో సర్టిఫికెట్లకు, పింఛన్లకు అర్జీ ఇస్తే ‘సకాల’ కింద 15 అంకెల జి.ఎస్.సి. నంబరున్న చీటీ ఇస్తారు. 2012 నుంచి రాష్ట్రంలో ఉన్న ఏర్పాటు ఇది. ఆ చీటీ మీద ఏ తేదీలోగా పని జరగాలో రాసి ఉంటుంది. మన ఆడవాళ్ళు దాన్ని మడిచి చీర కొంగులోనో, బియ్యం డబ్బాలోనో పెడతారు, నెల తిరిగేసరికి ఆ సిరా వెలిసిపోతుంది. ఇంటికి రాగానే ఫోటో తీసి పెట్టండి. నంబరును రేషన్ కార్డు జెరాక్స్ వెనక పెన్నుతో రాసుకోండి. చీటీ పోయి ఉంటే అర్జీలో ఇచ్చిన మొబైల్‌కు వచ్చిన మెసేజీ వెతకండి. అదీ లేకపోతే అర్జీ వేసిన కేంద్రంలోనే ఆధార్ చూపించి అడగండి.

3. నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, భూమి ఉంటే పహణి. నాలుగింట్లో పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఒక తెల్లకాగితం మీద అచ్చం ఉన్నవి ఉన్నట్టు ఎక్కించండి. ఇంగ్లీషు స్పెల్లింగు అక్షరం అక్షరం రాయండి.

తప్పు దొరికేది సాధారణంగా ఈ కాగితం మీదే. మన పేర్లు తెలుగు పేర్లు, రాసేవాళ్ళు కన్నడంలో రాస్తారు, కంప్యూటరులోకి ఇంగ్లీషులో ఎక్కుతాయి. వెంకటలక్ష్మమ్మ అనే పేరే తీసుకోండి. ‘క్ష’ను ఒకచోట కె, ఎస్, హెచ్ అని, మరోచోట ఒక్క ఎక్స్ అక్షరంతో రాస్తారు. చివర ‘మ్మ’కు ఒకచోట రెండు ఎమ్‌లు, మరోచోట ఒకటే. పాసుబుక్కులో ‘వెంకట’ విడిగా, ‘లక్ష్మమ్మ’ విడిగా ఉంటుంది. అశ్వత్థప్ప అయితే ‘త్థ’ దగ్గర ఒక్క టి, టి హెచ్, రెండు టిలు అని మూడు రకాలు. మునియప్పల్లో వై ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఉంటారు. ఇనీషియల్ ఒక కాగితంలో పేరుకు ముందు, ఇంకో కాగితంలో వెనక, ఇంకోదాంట్లో అసలుండదు. మనకు ఇవన్నీ ఒకే మనిషి. కంప్యూటరుకు నలుగురు. దిద్దించడానికి పోయేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోండి. కౌంటరు దగ్గర నోటితో చెప్పి ఒప్పించడం కంటే ఆ పట్టిక చూపించడం సులువు.

4. ఏది మార్చాలో తేల్చుకున్నాకే ఆధార్ ముట్టండి. మూడు కాగితాల్లో ఒకలా ఉండి ఆధార్‌లో మాత్రమే వేరుగా ఉంటే ఆధార్ దిద్దించాలి. ఆధార్, పాసుబుక్కు కలిసి రేషన్ కార్డు ఒక్కటే తేడాగా ఉంటే ఆధార్ జోలికి పోవద్దు, రేషన్ కార్డే మార్పించండి. ఈ జాగ్రత్త ఎందుకంటే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. మధ్యవర్తి మాట విని ఒక పథకం కోసం ఒకలా, ఇంకో పథకం కోసం మరోలా మార్చుకుంటే, నిజంగా అవసరమైన నాడు అవకాశం మిగలదు. 2025 అక్టోబరు నుంచి పేరు, చిరునామా లాంటి మార్పులకు ఫీజు 75 రూపాయలు, వేలిముద్రలు, కంటిపాప, ఫోటో కొత్తగా తీయిస్తే 125. అంతకంటే ఎక్కువ అడిగితే 1947కు ఫోను చేసి చెప్పవచ్చు. మార్పు జరిగినట్టు మెసేజీ వచ్చాక కొన్నాళ్ళు ఆగి మిగతా కాగితాల పని మొదలుపెట్టండి.

5. సరిహద్దు దాటి వచ్చిన కోడళ్ళ సంగతి. బాగేపల్లి అవతల గోరంట్ల, హిందూపురం, కదిరి, చింతామణి అవతల మదనపల్లె. రెండు వైపులా మాట ఒకటే, సంబంధాలు తరతరాలుగా ఉన్నాయి. ప్రభుత్వాలే రెండు. పెళ్ళై వచ్చిన అమ్మాయి పేరు పుట్టింటి ఆంధ్ర రేషన్ కార్డులో ఉండిపోతుంది. ఇక్కడ అత్తగారి కార్డులో చేర్చబోతే ఆమె ఆధార్ ఇంకో కార్డులో ఉందని కంప్యూటరు ఒప్పుకోదు. ముందుగా పుట్టింటి వాళ్ళ గ్రామ సచివాలయంలో ఆమె పేరు కార్డునుంచి తీయించి, తీసినట్టు కాగితం తీసుకోండి. ఆ తర్వాత ఆధార్ చిరునామా ఇక్కడికి మార్చండి. అత్తింటి పేరుతో కరెంటు బిల్లు, బాడుగ కాగితం ఏదీ లేకపోయినా, కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా, ఆయన ఫోనుకు వచ్చే ఓటీపీతో చిరునామా మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. పెళ్ళి రిజిస్ట్రేషను పత్రం ఉంటే పని ఇంకా తేలిక. కొత్తగా పెళ్ళైన జంటలు ఆ పత్రం కచ్చితంగా చేయించుకోవాలని నా గట్టి సలహా.

ఇంకో మాట: ఆంధ్రలో ఇంటిపేరు పేరులో భాగంగా రాస్తారు, ఇక్కడ చాలామందికి తండ్రి పేరో ఊరి పేరో ఇనీషియల్‌గా ఉంటుంది. పుట్టింటి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఉండి ఇక్కడి కార్డులో లేకపోతే, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఇక్కడ రాయించండి.

6. గృహలక్ష్మి ఆగితే. 2023 ఆగస్టులో మొదలైన ఈ పథకంలో డబ్బు రేషన్ కార్డులో యజమానురాలిగా ఉన్న మహిళకే. ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దామె యజమానురాలు. కార్డులో ఇంకా మగవాళ్ళ పేరే పెద్దగా ఉంటే ముందు దాన్ని మార్పించాలి. అత్తగారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం ఇచ్చి ఆమె పేరు తీయించి, కోడలు పేరు యజమానురాలిగా వచ్చాక కోడలు అర్జీ ఇవ్వాలి. కొత్త అర్జీ సరైన పని అయ్యేది ఇక్కడే. పోయినవాళ్ళ ఖాతాలో పడుతున్న డబ్బును ఏటీఎం కార్డుతో తీసుకుంటూ పోవడం తర్వాత పెద్ద ఇబ్బంది అవుతుంది.

ఆదాయపన్ను కట్టేవాళ్ళు, జి.ఎస్.టి. రిటర్ను వేసేవాళ్ళు ఈ పథకానికి అనర్హులు. భర్త కట్టినా అంతే. ఒక్కోసారి ఏ పన్నూ కట్టని ఇంటికి కూడా ఆ ముద్ర పడుతుంది. ఎప్పుడో అప్పు కోసం ఎవరో రిటర్ను వేయించి ఉండవచ్చు. మూసేసిన అంగడి పేరుతో జి.ఎస్.టి. నంబరు బతికే ఉండవచ్చు. పాన్ కార్డు తీసుకుపోయి ఆ నంబరు మీద ఏముందో అకౌంటెంటు చేత చూపించుకోండి. ఏమీ లేకపోతే లేదని పన్నుల శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకుని తాలూకా కేంద్రంలో శిశు అభివృద్ధి యోజన అధికారి, అంటే సి.డి.పి.ఓ. ఆఫీసులో ఇవ్వండి. దారి తెలియకపోతే ఊరి అంగనవాడి టీచరును అడగండి, ఆమె అదే శాఖ మనిషి.

7. డబ్బు పోయింది గానీ మన పాసుబుక్కులో లేదా? ఆధార్ ద్వారా పడే డబ్బు అర్జీలో రాసిన ఖాతాకు పోదు. ఆధార్‌తో చివరగా ముడిపెట్టిన ఖాతాకు పోతుంది. సంఘం అప్పు కోసం తెరిచిన ఖాతా, ఉపాధి హామీ కూలి కోసం తెరిచిన ఖాతా, ఎవరో ఊళ్ళోకి వచ్చి వేలిముద్ర తీసుకుని తెరిచిన ఖాతా, వీటిలో ఏదో ఒకటి చివరిది అయి ఉంటుంది. ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే బ్యాంకు పేరు కనబడుతుంది. వేరే బ్యాంకు చూపిస్తే అక్కడికి పోయి చూడండి, డబ్బు అందులో పేరుకుని ఉండవచ్చు. మీకు కావలసిన ఖాతాకు మార్చాలంటే ఆ బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. ‘ఆధార్ లింక్ అయింది’ అని కౌంటరులో చెప్పినంత మాత్రాన సరిపోదు. కె.వై.సి. కోసం లింకు వేరు, సర్కారు డబ్బు పడడానికి సీడింగ్ వేరు. ఆ రెండో మాట పలికి అడగండి. బ్యాంకు దూరమైన పల్లెల్లో పోస్ట్‌మాన్ ఇంటికే వచ్చి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచి సీడింగ్ చేస్తారు.

8. పాత పాసుబుక్కు నమ్ముకోకండి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్ 2017లో స్టేట్ బ్యాంకులో, విజయా బ్యాంకు 2019లో బరోడాలో, సిండికేటు 2020లో కెనరాలో, అదే ఏడు కార్పొరేషన్, ఆంధ్రా బ్యాంకులు యూనియన్‌లో కలిశాయి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లు మారిపోయాయి. పాత పుస్తకం చూసి కోడ్ రాస్తే డబ్బు వెనక్కి పోతుంది. కొత్త పాసుబుక్కు తీసుకుని మొదటి పేజీ జెరాక్స్ వాడండి.

9. రైతులు ముందుగా చూసుకోవలసింది పంట సమీక్ష. మన నేలలో వేరుశనగ, రాగి, కంది కలిపి వేస్తాం. చింతామణి వైపు టమోటా, మల్బరీ, మామిడి. ప్రతి సీజనులో ‘బెళె సమీక్షె’ యాప్‌లో సర్వే నంబరు వారీగా పంట ఫోటో ఎక్కిస్తారు. రైతే ఎక్కించవచ్చు, లేకపోతే ఊరికి నియమించిన కుర్రవాడు ఎక్కిస్తాడు. పొలానికి రాకుండానే పక్క చేనిది చూసి ఎక్కించారా, మీ రాగి చేను ఖాళీ భూమి అయిపోతుంది. తర్వాత కరవు పరిహారానికి, పంట బీమాకు, మద్దతు ధరకు రాగి అమ్మడానికి అదే లెక్క. బీమా కట్టింది రాగికి, సమీక్షలో ఉన్నది వేరుశనగ అయితే బీమా అర్జీ అక్కడే పడిపోతుంది.

కాబట్టి పరిహారం వచ్చే దాకా ఆగవద్దు. పంట చేలో ఉన్నప్పుడే ‘బెళె దర్శక్’ యాప్‌లో మీ సర్వే నంబరు కొట్టి ఏం రాశారో చూడండి. తప్పైతే అందులోనే ఆక్షేపణ పెట్టండి. పెట్టిన రోజే చేలో నిలబడి పంటతో పాటు గట్టు, బావి, కానుగ చెట్టు లాంటి గుర్తు కనబడేలా ఫోటో తీసుకోండి. కోత అయ్యాక ఏ అధికారి వచ్చినా చూసేది మోళ్ళే. బీమా విషయం ‘సంరక్షణె’ వెబ్‌సైటులో అర్జీ నంబరుతో కనబడుతుంది.

రెండోది ఎఫ్.ఐ.డి. రైతుల వివరాలు నమోదయ్యే ‘ఫ్రూట్స్’లో రైతుకిచ్చే నంబరు అది. అందులో మీ సర్వే నంబర్లు అన్నీ చేరాయా, విస్తీర్ణం సరిగ్గా ఉందా అని హోబళి రైతు సంపర్క కేంద్రంలో ఒకసారి చూపించుకోండి. ఒక సర్వే నంబరు చేరకపోతే ఆ చేనికి ఏదీ రాదు. జంటి ఖాతాలో అన్నదమ్ములు ఉంటే ఎవరి వాటా ఎంతో తేలి ఉండాలి. తండ్రి పోయి ఏళ్ళు గడిచినా పహణి ఆయన పేరు మీదే ఉన్న ఇళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. అలాంటప్పుడు పరిహారం అర్జీని ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు. నాడకచేరిలో పౌతి ఖాతాకు అర్జీ ఇచ్చి, వంశవృక్షం, మరణ ధ్రువపత్రం పెట్టి ఖాతా మార్పించుకోవాలి. అన్నదమ్ముల పంపకం తేలకపోయినా వారసులందరి పేర్లూ కలిపి ఎక్కించుకోవచ్చు. పంపకం దాకా ఆగనక్కర్లేదు.

10. పి.ఎం. కిసాన్ ఆరు వేలు. ఏడాదికి మూడు విడతలు. వెబ్‌సైటులో ‘ఫార్మర్స్ కార్నర్’ కింద పేరును ఆధార్ ప్రకారం దిద్దుకునే చోటు ఉంది, ఈ-కె.వై.సి. కూడా అక్కడే. భర్త, భార్య, మైనరు పిల్లలు కలిపి ఒక్క కుటుంబం, ఆ కుటుంబంలో ఒకరికే డబ్బు. ఇద్దరి పేర్లతో వేసి ఉంటే ఒకటి వదులుకోండి. హెల్ప్‌లైన్ 155261.

11. పింఛనులో వయసు తగాదా. సంధ్యా సురక్షకు 65 ఏళ్ళు నిండాలి, నెలకు 1,200. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళకు ఆధార్ తీసేరోజు ఎవరో ఒక సంవత్సరం చెప్పి ఉంటారు, తేదీ జనవరి 1 పడి ఉంటుంది. కొడుకు వయసుకూ తల్లి వయసుకూ పదేళ్ళే తేడా ఉన్న కార్డులు కూడా కనబడతాయి. ఆధార్‌లో తేదీ ఒక్కసారే మారుతుంది కాబట్టి గట్టి ఆధారం చేతిలో పెట్టుకుని పోండి. బడికి పోయి ఉంటే ఆ బడి దాఖలా చాలా బలం. పింఛను ఉన్నట్టుండి ఆగితే ‘మరణించారు’ అనో ‘ఊళ్ళో లేరు’ అనో పొరపాటున రాసి ఉండవచ్చు. ఆ పెద్దమనిషిని స్వయంగా నాడకచేరికి తీసుకుపోయి ఉప తహసీల్దారు ఎదుట కూర్చోబెట్టి ఆధార్, పాసుబుక్కు, పింఛను మంజూరు ఆదేశం చూపించండి. నడవలేనివాళ్ళయితే గ్రామ ఆడళిత అధికారిని ఇంటికి వచ్చి చూడమని రాసి ఇవ్వండి. తాలూకాల్లో పింఛను అదాలత్‌లు జరుగుతుంటాయి, ఎప్పుడో కనుక్కుని పోతే అక్కడికక్కడే తేలే అవకాశం ఉంది.

12. కోలారు జిల్లా అని ఉంటే భయపడకండి. చిక్కబళ్ళాపురం జిల్లా పుట్టిందే 2007లో. అంతకు ముందరి పత్రాల్లో కోలారు అనే ఉంటుంది, అది తప్పు కాదు. చేళూరు తాలూకా కొత్తగా ఏర్పడింది, అక్కడివాళ్ళ పాత పత్రాల్లో పాత తాలూకా పేరు ఉన్నా అంతే. బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టాలని 2025 జులైలో నందికొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం తీర్మానించింది. ఊరి పేరు మారిందని ఎవరైనా డబ్బడిగి కార్డులన్నీ మార్పిస్తామంటే ఒప్పుకోకండి.

13. తప్పు మన వైపుదే అయితే ముందుగా మనమే చెప్పాలి. తెలియక అర్హత లేని పథకానికి అర్జీ వేసి డబ్బు పడి ఉండవచ్చు, ఆదాయం తక్కువ రాసి ఉండవచ్చు. ఆడిట్‌లో బయటపడక ముందే రాసిచ్చినవాళ్ళ మీద అధికారులకు నమ్మకం ఉంటుంది. పి.ఎం. కిసాన్‌లో వదులుకోవడానికి, డబ్బు తిరిగి కట్టడానికి వెబ్‌సైటులోనే వీలుంది. కట్టిన రసీదు భద్రం.

14. నోటితో చెప్పి రాకండి, రాసి ఇవ్వండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడే ఏ భాషలోనైనా ఫిర్యాదు ఇచ్చే హక్కు ఉంది, తెలుగులో ఇచ్చినా తీసుకోవాలి. పని త్వరగా కావాలంటే మాత్రం కన్నడంలో ఇవ్వమంటాను. ఇంట్లో కన్నడ మీడియం చదివే పిల్ల ఉంటుంది, ఆమె చేత రాయించండి. ఇంత చాలు:

‘గౌరవనీయులైన తహసీల్దారు గారికి. నా పింఛను అర్జీ నంబరు ఇది, ఇచ్చిన తేదీ ఇది. అందులో నా పుట్టిన సంవత్సరం 1962 అని పడింది. నా ఆధార్ ప్రకారం సరైనది 1957. ఆధార్, రేషన్ కార్డు, పాసుబుక్కు నకళ్ళు జతచేశాను. ఈ అర్జీలోనే దిద్ది, దిద్దినట్టు నాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.’

కింద సంతకం లేక వేలిముద్ర, ఫోను నంబరు. ఒక జాబులో ఒక్క తప్పే రాయండి. కష్టసుఖాలన్నీ కలిపి రాస్తే అసలు విషయం గుమాస్తాకు కనబడదు. రెండు ప్రతులు తీసుకుపోయి రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఆవక నంబరు వేయించుకోండి. ముద్ర వేయమంటే ‘రేపు రా’ అంటే, స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు పెట్టుకోండి.

15. ఓటీపీ, వేలిముద్ర. దిద్దిస్తామని ఇంటికి వచ్చినవాళ్ళకు, ఫోను చేసినవాళ్ళకు ఓటీపీ చెప్పకండి. వేలిముద్ర పెట్టే ముందు తెర మీద ఏముందో చదివించుకోండి, ఇన్ని రూపాయలని రాసి ఉంటే అది మీ ఖాతాలోంచి డబ్బు తీసే పని.

16. కదలకపోతే. మొదట 1902కు ఫోను చేయండి. అది రాష్ట్ర జనస్పందన ఫిర్యాదుల నంబరు. ఫిర్యాదు సంఖ్య ఇస్తారు, రాసుకోండి. సకాల సేవ అయితే చీటీ మీది తేదీ దాటాక పై అధికారికి అప్పీలు చేయవచ్చు. జాప్యానికి రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం అడిగే హక్కు కూడా చట్టంలో ఉంది. మన వైపు అడిగినవాళ్ళు తక్కువ. అడగాలి. దానికీ జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ వేయండి, బి.పి.ఎల్. కార్డు ఉంటే ఆ ఫీజు కూడా లేదు. కర్ణాటకలో ఆ అర్జీ 150 మాటలు దాటకూడదు, ఒక్క విషయం మీదే ఉండాలి. ‘నా అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారో ఆ ఫైలు నకలు ఇవ్వండి’ అని అడిగితే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.